ఆగమని చెప్పే అధికారం ఎవరికుంది?

బండి ఛాసిస్ నంబరులో అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. వాటిలో ఇంగ్లిషు ఐ, ఓ, క్యూ రావు. ఒకటితోనూ సున్నాతోనూ కలగలిసిపోతాయని ఆ మూడింటినీ మొదట్లోనే పక్కన పెట్టేశారు. కాబట్టి షోరూము ఇచ్చిన ఇన్‌వాయిస్‌లో ఛాసిస్ నంబరు మధ్యన ‘ఓ’ కనబడిందంటే ఎవరో సున్నాకి బదులు అక్షరం కొట్టారన్నమాటే. బండి దగ్గరికి వెళ్ళి చూడక్కర్లేదు. కాగితం తప్పని కుర్చీలోంచి లేవకుండానే చెప్పెయ్యొచ్చు.

ఇదేదో క్విజ్ ప్రశ్న అనుకోకండి. ఆ నంబరు ఇన్‌వాయిస్ నుంచి బీమా పాలసీలోకి, లోను అగ్రిమెంటులోకి, రిజిస్ట్రేషన్ దరఖాస్తులోకి, ఆర్సీలో ఫైనాన్సర్ పేరు ఎక్కించే ఫారం 34లోకి పోతుంది. తప్పు ఉంటే రవాణా శాఖవాళ్ళు దరఖాస్తు వెనక్కి కొట్టారనుకోండి, అదృష్టం. కొట్టకుండా దాటిపోయిందా, ఏ మూడేళ్ళకో లారీ ఘాట్ రోడ్డులో బోల్తా పడ్డాక, సర్వేయరు పాలసీ చేత్తో పట్టుకొని ఛాసిస్ మీద చెక్కిన నంబరుతో సరిచూసేటప్పుడు బయటపడుతుంది. అప్పుడు ఆ ఓనరు ఎన్ని ఆఫీసులు తిరగాలో నేను చూశాను. ఇన్‌వాయిస్ దిద్దించడానికి ఇవాళ షోరూముకి చేసే ఫోనుతో పోయేదది.

నేను విజయవాడలో ఒక వాహన రుణాల కంపెనీ బ్రాంచిలో సేల్స్ సపోర్టు చూస్తాను. లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు, జేసీబీలు, అంటే నాలుగు డబ్బులు సంపాదించిపెట్టే బండ్లు కొనడానికి అప్పిచ్చి, ఆ బండినే హామీగా పెట్టుకునే వ్యాపారం మాది. ఇలాంటి ఏ బ్రాంచికి వెళ్ళినా ఒకటే వరస. ముందు హాల్లో సేల్స్‌వాళ్ళు, అద్దాల గదిలో మేనేజరు, వెనకాల ప్రింటరు పక్కన మేము. మా అత్తగారు ఇప్పటికీ నేను బ్యాంకులో పనిచేస్తానని చెబుతారు. పెళ్ళిళ్ళలో నేనూ అదే అంటాను. అసలు సంగతి విడమర్చేలోగా బంతి లేచిపోతుంది.

ఇక్కడ తొందర లేదు కాబట్టి విడమరుస్తాను. సేల్స్ కుర్రాడు కస్టమరుని పట్టుకొస్తాడు. ఫైలు లాగిన్ అవుతుంది. ఇంటికెళ్ళి విచారిస్తారు, సిబిల్ చూస్తారు, క్రెడిట్‌వాళ్ళు శాంక్షన్ ఇస్తారు. ప్రకటనల్లో ‘నిమిషాల్లో లోను’ అంటారే, ఆ నిమిషాలు ఇక్కడితో అయిపోతాయి. అగ్రిమెంటులో ప్రతి పేజీ మీదా సంతకం పడిందా, జామీనుదారు సంతకం పాన్ కార్డు మీద ఉన్నట్టే ఉందా, డౌన్‌పేమెంటు కట్టిన రసీదు షోరూముదేనా, బీమా పాలసీలో హైపోథికేషన్ గడిలో మా కంపెనీ పేరు ఎక్కిందా, నెల నెలా వాయిదా ఖాతాలోంచి లాగే మాండేటు బ్యాంకులో నమోదైందా... ఇవన్నీ చూసి మేము డెలివరీ ఆర్డరు వదిలితే అప్పుడు షోరూమువాళ్ళు తాళాలిస్తారు. బండికి దండేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఫొటో దిగుతారు. ఫొటో బ్రాంచి వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది, అందరూ చప్పట్ల బొమ్మలు పెడతారు. కంపెనీ దృష్టిలో అమ్మకం పూర్తయింది. కుర్రాడి ఇన్సెంటివ్ ఖాయమైంది.

నా దగ్గర ఆ ఫైలు ఇంకా తెరిచే ఉంటుంది. ఫైనాన్సర్ పేరు ఎక్కిన ఆర్సీ రావాలి, అసలు ఇన్‌వాయిస్ రావాలి, పాలసీ కాపీ రావాలి. లారీ అయితే మరీను. చాలా లారీలకి షోరూములో అమ్మేది ఛాసిస్ మాత్రమే, బాడీ కట్టేది ఆటోనగర్ షెడ్డులో. ఛాసిస్‌కి ఒక లోను, బాడీకి ఇంకో లోను, కొటేషను ఒకటి, చివరికి వచ్చే బిల్లు ఒకటి. బాడీ అయితే తప్ప పక్కా రిజిస్ట్రేషను కాదు. ఈలోగా తాత్కాలిక నంబరు గడువు దగ్గరపడుతుంటుంది, షెడ్డులో వెల్డరు సంక్రాంతికి ఊరెళ్ళి ఉంటాడు. ఆ వెల్డరు ఎప్పుడొస్తాడో కనుక్కోవడం కూడా నా ఉద్యోగంలో భాగమని ఏ నియామక పత్రంలోనూ రాయలేదు.

పేర్ల సంగతి వేరే చెప్పాలి. మన తెలుగువాళ్ళ పేర్లతో పడే తిప్పలు పై రాష్ట్రంలో కూర్చున్న హెడ్డాఫీసుకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కవు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, పాన్‌లో వెనకుంటుంది. బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరాలు. పట్టాదారు పాసుపుస్తకంలో ‘వెంకట’ ఎగిరిపోయి ఊళ్ళో పిలిచే పేరొక్కటే మిగులుతుంది. ఆడవాళ్ళకైతే పుట్టింటి ఇంటిపేరు ఒక కార్డులో, అత్తింటిది ఇంకో కార్డులో. కంప్యూటరు లెక్కన వీళ్ళు నలుగురు మనుషులు. నా ఎదురుగా మాత్రం ఒక్కాయనే నిలబడి ‘అమ్మా, నా ఫైలు ఏమైంది?’ అని అడుగుతుంటాడు. మాండేటులో బ్యాంకు ఖాతాలో ఉన్న పేరే ఉండాలి, లేకపోతే తిరిగొస్తుంది. అగ్రిమెంటులో ఆర్సీలో ఎక్కబోయే పేరే ఉండాలి, లేకపోతే రేపు చిక్కు. ఈ రెండింటికీ పొంతన కుదిర్చి, ఈ పేర్లన్నీ నావేనని నోటరీ దగ్గర రాయించి, దాన్ని స్కాన్ చేసి, అవతల హిందీలో ‘మేడమ్, నేమ్ మిస్‌మ్యాచ్ హై’ అంటున్న అబ్బాయికి ఇంటిపేరంటే ఏమిటో మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. ఇది చిన్న పనే, ఒప్పుకుంటాను. ఇది సరిగ్గా జరక్కపోతే ఆయన లోను తీరిపోయిన రోజున కూడా బండి ఆయనది కాదు.

రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరు 1 నుంచి రిటైల్ లోన్లకీ చిన్న వ్యాపారాల టర్మ్ లోన్లకీ ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలంది. అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో, అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి వడ్డీ ఎంత పడుతుందో అందులో రాయాలి. మంచి నిబంధన. దాని ఫలితం మొదట తగిలింది మా టేబుల్‌కే. మార్కెట్లో ఇప్పటికీ చాలామంది ఫ్లాట్ వడ్డీలోనే మాట్లాడతారు. నాలుగేళ్ళ లోనుకి 7 శాతం ఫ్లాట్ అన్నారంటే, కడుతున్నకొద్దీ తగ్గే అసలు మీద లెక్కకడితే అది 12.7 శాతం దగ్గర తేలుతుంది. ఫీజులు కలిపితే ఇంకొంచెం పైకి. కుర్రాడు షోరూములో 7 అన్నాడు, నా దగ్గరి కాగితంలో 13 ఉంది. ‘ఏంటమ్మా ఇది, రాత్రికి రాత్రి పెంచేశారా?’ అంటాడు రైతు. పెంచలేదు బాబాయ్, వాయిదా అదే, లెక్క చెప్పే పద్ధతి వేరు అని కాగితం మీద గీసి చూపిస్తాను. ఒక్కోసారి ఆయన అంతా విని ‘అయితే నేను ఇంకోచోట కనుక్కొస్తా’ అని లేచిపోతాడు. ఆ సాయంత్రం అద్దాల గదిలోంచి నన్ను పిలుస్తారు. ఏం జరుగుతుందో మీరే ఊహించుకోండి.

నేనీ వ్యాసం రాయడానికి అసలు కారణం నెలాఖరు. బయటివాళ్ళకి 30, 31 మామూలు తేదీలు. మాకు ఆ రెండు రోజులూ రాత్రి పదింటిదాకా లైట్లు వెలుగుతాయి. ‘అక్కా, ఈ ఒక్క ఫైలూ డిస్బర్స్ కొట్టెయ్యక్కా, కాగితాలు సోమవారం పొద్దున్నే నీ టేబుల్ మీద పెడతా’ అంటాడు కుర్రాడు. వాడు చెడ్డవాడు కాదు. మే నెల ఎండలో బైకు మీద కంచికచర్ల వెళ్ళి అట్నుంచి నూజివీడు వెళ్ళి వచ్చినవాడు. టార్గెట్టుకి ఒక్క బండి తగ్గితే వాడి ఇన్సెంటివ్ మొత్తం పోతుంది. సోమవారం ఇస్తానంటే ఇవ్వాలనే అంటాడు. మంగళవారం నుంచి కొత్త నెల టార్గెట్టు మొదలవుతుంది, అదీ తంటా.

కాగితాలు లేకుండా కొట్టేస్తే ఏమవుతుంది? పుస్తకాల్లో లోను 31న ఇచ్చినట్టు పడుతుంది. షోరూముకి డబ్బు మాత్రం కాగితాలు వచ్చాకే వెళ్తుంది. మధ్యలో వారమో పది రోజులో ఇంకా చేతికి రాని బండికి కస్టమరు పేరున వడ్డీ నడుస్తుంది. ఇది నా ఊహ కాదు. 2024 ఏప్రిల్ 29న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌లో ఉన్న విషయమే. డబ్బు నిజంగా వెళ్ళిన తేదీ నుంచి కాకుండా శాంక్షన్ తేదీ నుంచో అగ్రిమెంటు తేదీ నుంచో కొన్ని సంస్థలు వడ్డీ వేస్తున్నాయని, చెక్కు తమ దగ్గరే పెట్టుకొని ఆ చెక్కు తేదీ నుంచి లెక్క కడుతున్నాయని తనిఖీల్లో తేలిందని, అలా వసూలు చేసింది తిరిగివ్వాలని అందులో చెప్పారు. ఆ సర్క్యులర్ బోర్డు రూములకి వెళ్ళింది, కంప్లయన్స్ విభాగాలకి వెళ్ళింది. కానీ ఆ తేదీ గడిలో అంకె కొట్టే వేలు ఎవరిది? సపోర్టు టేబుల్ దగ్గర కూర్చున్న ఒక మనిషిది. నిబంధన అమలయ్యేదీ కాకుండా పోయేదీ అక్కడే. ఆ మనిషికి ‘ఇది నేను కొట్టను’ అనే అధికారం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఇవ్వలేదంటే, కాగితం మీద ఉంది. ఫైలు మీద అభ్యంతరం రాసి నేను క్వెరీ పెట్టొచ్చు. పెట్టిన పావుగంటలో పైనుంచి ‘డీవియేషన్ అప్రూవ్డ్, ప్లీజ్ ప్రొసీడ్’ అని ఒక లైను మెయిల్ వస్తుంది. ఎందుకు ఒప్పుకున్నారో అందులో ఉండదు. ఆరు నెలల తర్వాత ఆర్సీ రాలేదని ఆడిట్‌వాళ్ళు అడిగితే, పెండింగ్ జాబితాలో నా పేరుంటుంది. మెయిల్ పంపినాయన అప్పటికి ఇంకో జిల్లాకి ప్రమోషన్ మీద వెళ్ళి ఉంటాడు. ఇంకో సంగతి. సపోర్టు టేబుళ్ళ దగ్గర కూర్చునేవాళ్ళు చాలాచోట్ల ఆ కంపెనీ ఉద్యోగులే కారు, మూడో పార్టీ ఏజెన్సీ జీతం మీద ఉన్న పిల్లలు. మెడలో ఏజెన్సీ కార్డు వేసుకున్న ఇరవై మూడేళ్ళ అమ్మాయి రీజినల్ మేనేజరుకి ‘కుదరదు సార్’ అని చెప్పాలని ఆశించడం దేనికి?

ట్రాక్టర్ల దగ్గర ఇంకో రకం చిక్కు. రైతుకి నెల నెలా డబ్బు రాదు, పంట చేతికొచ్చినప్పుడు వస్తుంది. అందుకే ట్రాక్టరు లోన్లలో ఆర్నెల్లకోసారి కట్టే వాయిదాలు మామూలే. కృష్ణా డెల్టాలో అయితే సార్వా ధాన్యం అమ్మాక ఒకటి, దాళ్వా అమ్మాక ఒకటి. మాండేటు ఫారంలో ‘ఎన్నాళ్ళకోసారి’ అన్న గడి ఉంటుంది. హడావుడిలో అక్కడ ‘నెలకోసారి’ అని పడిందనుకోండి, ఖాతాలో డబ్బు ఉండని నెలలో సిస్టం లాగడానికి చూస్తుంది. డబ్బు లేక బౌన్సు. బౌన్సుకి మేము ఒక చార్జీ, ఆయన బ్యాంకు ఒక చార్జీ. వాయిదా ఎగ్గొట్టాడన్న మచ్చ సిబిల్ దాకా వెళ్ళిందంటే, పాపం ఆ రైతుకి ఖరీఫ్‌లో పంట రుణం దగ్గర తెలుస్తుంది. ఇలాంటిది ఒకటి మా దగ్గర డబ్బు లాగకముందే పక్క టేబుల్ అమ్మాయి పట్టుకుంది. గుడివాడ వైపు రైతు. ఆయనకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. జరగని నష్టానికి ఎవరు ఫోన్ చేసి చెబుతారు? ఆ అమ్మాయి అప్రైజల్‌లో కూడా అది రాలేదు, ‘ఫైలు ప్రాసెసింగ్ వేగం సగటు’ అని వచ్చింది.

యాప్ వచ్చాక ఇదంతా పోతుందని చెప్పేవాళ్ళున్నారు. కొంత పోయింది, సంతోషం. సంతకాల కట్టలు తగ్గాయి, మాండేటు ఆధార్ ఓటీపీతో క్షణంలో అవుతోంది. వద్దనను. కానీ యాప్ తీసుకెళ్ళింది తేలిక ఫైళ్ళని. జీతం ఖాతా, ఒకే పేరు, కొత్త బండి ఉన్నవాళ్ళ పని ఫోనులోనే అయిపోతోంది. నా టేబుల్‌కి ఇప్పుడు చిక్కుముడులే వస్తున్నాయి. పాత లారీ, తండ్రి పోయాక కొడుకు పేరుకి మారనిది. తెలంగాణలో కొని ఆంధ్రకి తెచ్చుకున్నది. తెలంగాణ బండ్ల వివరాలు చాలా ఏళ్ళు కేంద్రం ‘వాహన్’ డేటాబేసులో కలవలేదు, అదో తలనొప్పి. ఫైళ్ళ సంఖ్య తగ్గింది కదా అని మనుషుల్ని తగ్గించారు. ఒక్కో ఫైలుకి పట్టే సమయం ఎంత పెరిగిందో లెక్కలోకి తీసుకోలేదు.

2025 సెప్టెంబరు చూడాల్సింది. ఆగస్టు 15న ప్రధాని జీఎస్టీ తగ్గుతుందని చెప్పగానే కొనేవాళ్ళు ఆగిపోయారు. సెప్టెంబరు 22 నుంచి సరుకు లారీల మీద 28 శాతం 18కి, వ్యవసాయ ట్రాక్టర్ల మీద 12 శాతం 5కి దిగింది. అందరికీ పండగే. మాకు మాత్రం అప్పటిదాకా శాంక్షనై ఉన్న ఫైళ్ళన్నీ తిరగరాయాల్సి వచ్చింది. ధర తగ్గింది కాబట్టి ధరలో ఇంత శాతం అని ఇచ్చే లోనూ తగ్గాలి. లోను తగ్గితే వాయిదా, అగ్రిమెంటు, పాలసీలో బండి విలువ, అన్నీ మారాలి. ఆ దసరాకి విజయవాడలో అన్ని షోరూముల ముందూ కొత్త బండ్లు బారులు తీరాయి. అమ్మవారి దర్శనానికి ఊళ్ళోకి లక్షల మంది వచ్చారు, ఊళ్ళోనే ఉన్న మేము కొండ ఎక్కలేదు. ఆ త్రైమాసికంలో రికార్డు అమ్మకాలు చేసినందుకు సేల్స్‌వాళ్ళకి సన్మానం జరిగింది. స్టేజి మీద మైకులు సరిచూసింది కూడా సపోర్టువాళ్ళే.

ఇక మేము అడిగేదేమిటి? సన్మానాలు వద్దు. ఇన్సెంటివ్‌లో సగం డిస్బర్స్‌మెంట్ రోజున ఇవ్వండి, మిగతా సగం ఫైనాన్సర్ పేరెక్కిన ఆర్సీ ఫైలులోకి వచ్చిన రోజున ఇవ్వండి. అప్పుడు కుర్రాడే వెల్డరుకి ఫోన్ చేస్తాడు. క్వెరీని దాటించే మెయిల్‌లో కారణం రాయడం తప్పనిసరి చెయ్యండి. దాటించినాయన ఏ ఊరికి బదిలీ అయినా ఆ పెండింగ్ ఆయన పేరునే ఉండాలి. డబ్బు వెళ్ళిన తేదీ తప్ప వేరే తేదీ వేయనని చెప్పే హక్కు సపోర్టు మనిషికి రాతపూర్వకంగా ఉండాలి, ఆ మనిషి సొంత ఉద్యోగి అయి ఉండాలి. ఇవన్నీ ఖర్చంటారు. నిజమే. పెండింగ్ కాగితాల వేటకి, ఆడిట్ జవాబులకి, కోర్టు నోటీసులకి ఇప్పుడవుతున్నది కూడా ఖర్చే, కాకపోతే అది సేల్స్ ఖాతాలో కనబడదు.

లోను ముగిశాక కూడా ఇదే వరస. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2023 డిసెంబరు 1 నుంచి వ్యక్తిగత రుణాల్లో అప్పు తీరిన 30 రోజుల్లోగా పత్రాలు తిరిగిచ్చి, రిజిస్టరులో ఉన్న తాకట్టు తీసేయాలి; సంస్థ వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు పరిహారం ఇవ్వాలి. కిరాయికి తిప్పే లారీ లోను దాని కిందకి రాదు. ఎందుకు రాకూడదు? కారున్న ఉద్యోగికి ఆర్సీలో హెచ్‌పీ (ఫైనాన్సర్ పేరు) నెల ఆలస్యంగా పోతే పెద్ద నష్టం లేదు. లారీ ఓనరుకి అది కూడు. మోటారు వాహనాల చట్టం 51వ సెక్షను ప్రకారం ఫైనాన్సర్ రాసి ఇవ్వనిదే ఆ బండి ఇంకొకరి పేరుకి మారదు. ఆ 30 రోజుల నిబంధనను వ్యాపార వాహనాలకీ వర్తింపజేయమని రిజర్వు బ్యాంకుని అడగాల్సింది లారీ ఓనర్ల సంఘాలు. డీజిలు ధర మీద గట్టిగా మాట్లాడే సంఘాలు దీన్ని పట్టించుకున్నట్టు నాకు కనబడలేదు.

ఇవన్నీ చెబితే మా పైవాళ్ళ నుంచి ఒకటే జవాబు వస్తుంది. ‘మనం ఆగితే పక్క కంపెనీ ఇవాళే ఇచ్చేస్తుందమ్మా.’ ఇచ్చేస్తుంది, కాదనను. అలా ఇచ్చిన బండ్లు నాలుగేళ్ళకి రీఫైనాన్స్ కోసం మా దగ్గరికే వస్తాయి కాబట్టి లోపల ఏముందో నాకు తెలుసు. మొన్న ఒక లారీ ఓనరు వచ్చారు. పాత లోను ఎప్పుడో తీర్చేశారు. అభ్యంతరం లేదని ఫైనాన్సర్ రాసిచ్చే ఎన్‌వోసీ తీసుకొని బీరువాలో దాచుకున్నారు. అలాంటి ఎన్‌వోసీకి సాధారణంగా మూడు నెలల గడువు ఉంటుందని, ఫారం 35 మీద రెండు వైపులా సంతకాలతో దాన్ని రవాణా శాఖలో పెడితేనే హెచ్‌పీ పోతుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆర్సీలో పాత కంపెనీ పేరు అలాగే ఉంది. ఆ బ్రాంచి ఎత్తేశారు. టైర్లు మార్చాలి, ఇంజను పని ఉంది, రీఫైనాన్స్ డబ్బు దానికోసమే. లారీ షెడ్డులో ఉంది. కొత్త ఎన్‌వోసీ కోసం పాత కంపెనీకి ఆయన తరఫున ఉత్తరం టైపు చేసి ఇచ్చాను, రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి జవాబు వచ్చిందా అని అడుగుతున్నారు. ఈలోగా మా సేల్స్ కుర్రాడు ఆ ఫైలు ఈ నెలలోనే లాగిన్ చూపించాలని నా కుర్చీ వెనక నిలబడ్డాడు.